అంబాసిడర్ కారుకు దొరకని చిన్న భాగాలు: ప్రత్యామ్నాయాలు వెతికే పద్ధతి

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 1950ల చివర మొదలై అర్ధ శతాబ్దానికి పైగా తయారైన కారు కావడంతో దాని ఇంజన్ బ్లాకులు, గేర్‌బాక్సులు, తలుపులు, బానెట్లు పాత సామాను అంగళ్లలో ఇప్పటికీ కనిపిస్తున్నాయి. కారును నెలల తరబడి షెడ్డులో నిలబెట్టేసేవి చిన్న భాగాలే: ఒక ఆయిల్ సీల్, ఒక రబ్బరు బుష్, వైపర్ ఇరుసు కింద ఉండే నైలాన్ ముక్క, తలుపు అద్దాన్ని దించే యంత్రాంగంలోని క్లిప్పు, పెట్రోలు పంపులోని డయాఫ్రం అనే పలుచని పొర. ఇంకొక కారు నుంచి ఊడదీసిన తలుపు మన కారుకు పనికొస్తుంది కానీ, ఇంకొక కారు నుంచి ఊడదీసిన రబ్బరు సీలు పనికిరాదు.

స్పేర్ పార్టుల దుకాణంలో కారు పేరు చెప్పి ఫలానా సీలు ఉందా అని అడిగితే, ఆ సరుకు రావడం ఆగిపోయిందనే సమాధానం వస్తుంది. అదే సీలును షాఫ్టు వ్యాసం ఇంత, బయటి వ్యాసం ఇంత, మందం ఇంత అని చెప్పి బేరింగుల దుకాణంలో అడిగితే చాలాసార్లు వెంటనే తీసి ఇస్తారు. దీనికి కారణం ఉంది. కార్ల కంపెనీ సీళ్లను, బేరింగులను, బల్బులను, ఫ్యూజులను తాను తయారు చేయలేదు; ప్రత్యేకంగా వాటినే తయారు చేసే సంస్థల నుంచి కొని బిగించింది. ఆ సంస్థలు అవే కొలతల భాగాలను ట్రాక్టర్లకు, నీటి మోటార్లకు, లారీలకు కూడా ఇచ్చాయి. కాబట్టి భాగాన్ని కారు పేరుతో కాకుండా దాని కొలతతోనూ, అది ఏ ద్రవంలో, ఎంత వేడిలో, ఎంత బరువు కింద పనిచేస్తుందన్న వివరంతోనూ వెతకడం నేర్చుకోవాలి. ఈ వ్యాసమంతా ఆ పద్ధతి గురించే.

విప్పేటప్పుడు చేయవలసినవి

ఎంత విరిగిపోయినా సరే, పాత భాగాన్ని కొత్తది బిగించి పరీక్షించేదాకా పారేయకూడదు. విప్పేముందు అది ఏ వైపు తిరిగి ఉందో, దాని ముందూ వెనుకా ఎన్ని వాషర్లు ఉన్నాయో తెలిసేలా ఫొటో తీసుకోవాలి. తరువాత కిరోసిన్‌తో శుభ్రం చేసి, మంచి వెలుతురులో దాని మీద అచ్చు గుద్దిన అంకెలను చదవాలి. లూకాస్, గిర్లింగ్ వంటి తయారీదారుల సొంత నంబరు దొరికితే అది కార్ల కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబరు కంటే ఎక్కువ విలువైనది. ఎందుకంటే కార్ల కంపెనీ నంబరు ఆ కారుతోనే ముగిసిపోతుంది, తయారీదారు నంబరు మాత్రం అదే భాగం వాడిన ఇతర వాహనాలన్నిటికీ దారి చూపిస్తుంది.

ఆ తరువాత కారు వంశాన్ని గుర్తు తెచ్చుకోవాలి. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు. దానిలో దీర్ఘకాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినది. అదే కుటుంబపు ఇంజన్లు ఎం.జి.ఎ., ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కార్లలో ఉన్నాయి. ఆ కార్లను కాపాడుకునేవారు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వేల సంఖ్యలో ఉన్నందువల్ల, వాటి గ్యాస్కెట్లు, థర్మోస్టాట్లు, డిస్ట్రిబ్యూటర్ విడిభాగాలు, ఎస్.యు. కార్బ్యురేటర్ సూదులు, జెట్లు నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. మన దేశంలోనే చూస్తే, అంబాసిడర్ కంపెనీ హిందుస్థాన్ మోటార్సే తయారుచేసిన కాంటెస్సా కారులో తొలినాళ్లలో ఇదే 1489 సీసీ ఇంజన్ ఉండేది, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజన్ ఉన్న అంబాసిడర్‌కు తరువాతి కాంటెస్సాతో ఇంజన్ భాగాలు కలుస్తాయి. మీ కారులో ఉన్నది ఏ ఇంజనో నిర్ధారించుకోకుండా ఏ భాగమూ తెప్పించకూడదు, ఎందుకంటే ఇన్నేళ్లలో యజమానులు ఇంజన్లను మార్చుకున్న అంబాసిడర్లు చాలా ఉన్నాయి.

వంశం తెలియడం వల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. లేని భాగం కోసం వెతకవలసిన శ్రమ తప్పుతుంది. పాత మూడు మెయిన్ బేరింగుల బి-సిరీస్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు వెనుక చివర రబ్బరు సీలు అనేదే ఉండదు. అక్కడ నూనెను వెనక్కి నెట్టడానికి షాఫ్టు మీద మరలాగా కోసిన గాడి మాత్రమే ఉంటుంది. అక్కడి నుంచి నూనె కారుతుంటే సీలు కోసం ఊరంతా తిరగడం వృథా. ముందుగా ఇంజన్ లోపలి గాలి, ఆవిరి బయటకు పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి క్రాంక్ కేసులో ఒత్తిడి పెరుగుతోందేమో, బేరింగులు అరిగాయేమో చూడాలి.

కొలత తీసుకోవడం

ఒక మంచి వెర్నియర్ కాలిపర్, అంగుళాల మరలకూ మెట్రిక్ మరలకూ, వాటి మధ్య దూరాన్ని చూసే చెరొక పిచ్ గేజి ఉంటే చాలా పని జరుగుతుంది. అంబాసిడర్ అంగుళాల కారు. దానికి సమకాలికమైన ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చింది కనుక మెట్రిక్ కారు. ఈ తేడాను మరిచిపోవడం వల్లనే చాలా అంబాసిడర్లలో మరలు చెడిపోయి ఉంటాయి.

ఉదాహరణకు 5/16 అంగుళం యు.ఎన్.ఎఫ్. (అంగుళాల కొలతలో సన్న మరల ప్రమాణం) బోల్టును తీసుకుందాం. దాని వ్యాసం 7.94 మిల్లీమీటర్లు, మరలు అంగుళానికి 24, అంటే ఒక మరకూ మరొక మరకూ మధ్య దూరం సుమారు 1.06 మిల్లీమీటర్లు. మార్కెట్లో సులభంగా దొరికే ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్ల వ్యాసంతో, 1.25 మిల్లీమీటర్ల దూరంతో ఉంటుంది. చేతితో ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తరువాత స్పానర్‌తో బలవంతంగా తిప్పితే లోపలి మర కోసుకుపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో నూళ్ల లెక్కన (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) రెండున్నర నూళ్ల బోల్టు అడిగితే మందం సరిపోతుంది కానీ, అక్కడ ఇచ్చేది తరచుగా అంగుళానికి 18 మరలున్న, విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ ప్రమాణపు బోల్టు. అది కూడా పనికిరాదు. కాబట్టి మందంతో పాటు అంగుళానికి ఎన్ని మరలో కూడా చెప్పి అడగాలి. బోల్టు తల మీది గుర్తులు కూడా చూడాలి. మూడు గీతలు ఉంటే అది గ్రేడ్ 5, బలంలో సుమారుగా మెట్రిక్ 8.8కు సమానం, ఆరు గీతలు ఉంటే గ్రేడ్ 8, సుమారుగా 10.9కు సమానం. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకుల దగ్గర గుర్తులేవీ లేని మెత్తని ఇనుప బోల్టును గానీ, మెరుస్తుందని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టును గానీ ఎన్నడూ వాడకూడదు.

బేరింగుల పని అన్నిటికంటే తేలిక. 6203 అని రాసి ఉంటే ప్రపంచంలో ఏ కంపెనీది తీసుకున్నా లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లే. 04 నుంచి పైకి చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది, అంటే 6204కు 20, 6205కు 25. నంబరు తరువాత ఉండే సి3 వంటి అక్షరాలను కూడా రాసుకోవాలి, అవి లోపలి వెసులుబాటును తెలుపుతాయి.

ఆయిల్ సీళ్ల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. పాత సీలును కొలిస్తే తప్పుడు కొలత వస్తుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి నూనెలో నానిన రబ్బరు ఉబ్బుతుంది, లేదా ఎండిపోయి కుంచించుకుపోతుంది. షాఫ్టునూ, సీలు కూర్చునే గూటినీ కొలవాలి. షాఫ్టు ఒకటిన్నర అంగుళం అయితే 38.1 మిల్లీమీటర్లు, 38 మిల్లీమీటర్ల సీలు పెదవి దాని మీద చక్కగానే కూర్చుంటుంది. చిక్కు వచ్చేది బయటి వ్యాసంలో. గూడు 2 అంగుళాలైతే 50.8 మిల్లీమీటర్లు, మెట్రిక్ సీళ్లలో 50 వదులవుతుంది, 52 అసలు పట్టదు. అప్పుడు రెండు మార్గాలున్నాయి. మొదటిది, అంగుళాల సీళ్లు అమ్మే దుకాణంలో వెతకడం. రెండవది, గూటికీ చిన్న సీలుకూ మధ్య సరిపోయే పలుచని రింగును లేత్ మీద కోయించి బిగించడం; ఇందుకు రింగు గోడకు కోయదగినంత మందం మిగిలేలా బయటి వ్యాసం బాగా తక్కువగా ఉన్న సీలును ఎంచుకోవాలి. మందంలో మాత్రం కొంత స్వేచ్ఛ ఉంది. గూడు లోతుగా ఉంటే 10 మిల్లీమీటర్ల సీలుకు బదులు 8 మిల్లీమీటర్లది వాడవచ్చు. పాత సీలు పెదవి షాఫ్టు మీద గాడి చేసి ఉన్నప్పుడు ఇది మేలు కూడా చేస్తుంది, ఎందుకంటే సన్నని సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే దాని పెదవి గాడి లేని నున్నని చోట పడుతుంది. మందం పెంచితే మాత్రం నూనె వెనక్కి వెళ్లే రంధ్రం మూసుకుపోవచ్చు, కాబట్టి ముందుగా లోపలికి చూసి నిర్ణయించుకోవాలి.

ఓ-రింగుకు గాడి లోతును కొలవాలి. కదలని చోట రింగు సుమారు ఐదో వంతు నొక్కుకుపోవాలి. 2 మిల్లీమీటర్ల లోతు గాడికి 2.5 మిల్లీమీటర్ల మందం రింగు సరిపోతుంది. అంగుళాల శ్రేణిలో మందాలు 1.78, 2.62, 3.53 మిల్లీమీటర్లుగా ఉంటాయని గుర్తుంచుకుంటే, దుకాణదారు పెట్టెలో ఏది అడగాలో తెలుస్తుంది.

రబ్బరు ఏ రకమో తెలుసుకోవడం

కొలత సరిపోయినంత మాత్రాన భాగం సరిపోయినట్లు కాదు. నల్లగా ఉన్న రబ్బరంతా ఒకటే అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే దాని ఫలితం బ్రేకుల దగ్గర తేలుతుంది.

ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, గ్రీజు ఉండే చోట నైట్రైల్ రబ్బరు బాగా పనిచేస్తుంది. దాని వేడి పరిమితి సుమారు 100 డిగ్రీల సెల్సియస్. అంతకు మించిన వేడి ఉండే చోట విటాన్ అని పిలిచే ఫ్లోరో రబ్బరు తీసుకోవాలి, అది సుమారు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్‌కు మాత్రం ఈ రెండూ పనికిరావు. బ్రేక్ ఆయిల్ అని పిలుస్తున్నా అది నూనె కాదు, గ్లైకాల్ ఆధారంగా తయారైన ద్రవం. అందులో నైట్రైల్ ఉబ్బి మెత్తబడుతుంది. అక్కడ ఇ.పి.డి.ఎం. రబ్బరు గానీ, బ్రేకుల కోసమే తయారుచేసిన ఎస్.బి.ఆర్. రబ్బరు గానీ ఉండాలి. అదే ఇ.పి.డి.ఎం. రబ్బరును పెట్రోలు, ఇంజన్ ఆయిల్ తగిలే చోట పెడితే కొద్ది రోజుల్లోనే పాడైపోతుంది. కాబట్టి దుకాణంలో సీలు తీసుకునేటప్పుడు కొలతతో పాటు రబ్బరు రకం కూడా స్పష్టంగా అడగాలి. దుకాణదారు చెప్పలేకపోతే బ్రేకులకు ఆ సీలు వాడకపోవడమే మంచిది.

పెట్రోలు మార్గం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2023లో మొదలై 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా బంకులకు విస్తరించింది. అంబాసిడర్ పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్‌లోని సీళ్లు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. అందువల్ల ఈ భాగాలకు ప్రత్యామ్నాయం వెతికేటప్పుడు అచ్చంగా పాతదే కావాలని పట్టుపట్టకుండా, లోపలి పొర ఫ్లోరో రబ్బరుతో ఉన్న గొట్టాన్ని, ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రంను, కొన విటాన్‌తో ఉన్న ఫ్లోట్ సూదిని ఎంచుకోవాలి. పెట్రోలు గొట్టం మీద జె30 ఆర్9 అనే గుర్తు ఉంటే అది ఈ పనికి తగినది.

పాత నిల్వల నుంచి బయటపడిన, సీలు విప్పని కంపెనీ ప్యాకెట్లంటే పాత కార్ల ప్రియులకు మోజు ఎక్కువ. లోహపు భాగాలైతే ఆ మోజు న్యాయమైనదే. రబ్బరు విషయంలో మాత్రం ప్యాకెట్ విప్పకపోయినా లోపలి సరుకుకు ముప్పై ఏళ్లు నిండి ఉండవచ్చు. చేతితో వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే, పెట్టె ఎంత అందంగా ఉన్నా దాన్ని కారులో బిగించకూడదు.

విద్యుత్ భాగాలు

బల్బులు దాదాపు అన్నీ ప్రామాణికమైనవే. ఇండికేటరులో ఉండే ఒకే ఫిలమెంట్ బల్బు 12 వోల్టులు, 21 వాట్లు. బ్రేకుకూ వెనుక దీపానికీ కలిపి వాడే 21/5 వాట్ల బల్బుకు పక్క పిన్నులు రెండు ఎత్తుల్లో ఉంటాయి, తిరగేసి పెట్టడానికి వీల్లేకుండా. ఎల్.ఇ.డి. బల్బులు పెడితే పాత వేడి రకం ఫ్లాషర్ సరిగా పనిచేయదు, ఎందుకంటే అది బల్బులు లాగే కరెంటు మీద ఆధారపడి ఆగుతూ వెలుగుతుంది. అప్పుడు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కూడా మార్చాలి. అయితే తొలినాటి కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపి ఉండవచ్చు. అటువంటి కారులో సాధారణ ఎలక్ట్రానిక్ భాగమేదైనా పెడితే వెంటనే కాలిపోతుంది.

ఫ్యూజుల దగ్గర తెలియక జరిగే తప్పు ఒకటుంది. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే కరెంటు. నిరంతరం మోయగలిగేది సుమారు 17 ఆంపియర్లే. నేడు అమ్మే చాలా గాజు ఫ్యూజుల మీద రాసేది నిరంతరం మోయగలిగే కరెంటు. 35 చూసి 35ది పెడితే, ఫ్యూజు కాలేలోపు వైరు కాలుతుంది. 15 లేదా 17 ఆంపియర్ల ఫ్యూజు తీసుకోవాలి.

స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద దాని రకం గుద్ది ఉంటుంది. అది లూకాస్ 25డి4 రకమైతే, పాయింట్లు, రోటరు, మూత ఎం.జి.బి. వంటి కార్ల కోసం ఇప్పటికీ తయారవుతున్నాయి. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంచాలి. పనిచేస్తున్న పాత కండెన్సర్‌ను కేవలం పాతదన్న కారణంతో మార్చవద్దని నా సలహా. మార్చక తప్పకపోతే 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ల మధ్య ఉన్నదాన్ని మీటరుతో పరీక్షించి తీసుకోవాలి.

చేయించుకోదగినవి

ఏ దుకాణంలోనూ దొరకని భాగాలలో చాలావాటిని లేత్ పనివారు చేయగలరు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్, విశాఖపట్నం ఆటోనగర్లలోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్ పరిసరాల్లోనూ ఇటువంటి పనివారు, కడ్డీలు అమ్మేవారు ఉన్నారు. వైపర్ ఇరుసు, గేర్ లివరు, పెడల్ వంటి చోట్ల ఉండే ప్లాస్టిక్ బుష్‌ను కోయించేటప్పుడు నైలాన్ కంటే అసిటాల్ అనే ప్లాస్టిక్ మేలు. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుని కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి, బిగువుగా కోసిన బుష్ వానాకాలంలో ఇరుసును పట్టేస్తుంది. బరువు మోసే చోట గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ కోయించి గ్రీజు పోయే దారి ఉంచాలి.

పనివారికి విరిగిన ముక్క ఒక్కటే ఇస్తే అరిగిన కొలతకే కొత్తది కోస్తారు. కాగితం మీద బొమ్మ గీసి, ప్రతి కొలతా రాసి, ఏ కొలత కచ్చితంగా ఉండాలో, ఏది కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదో గుర్తుపెట్టి ఇవ్వాలి. ఇరుసును కూడా తీసుకువెళ్లి అక్కడే ఎక్కించి చూడడం ఇంకా మంచిది.

త్రీడీ ప్రింటింగ్‌తో డ్యాష్‌బోర్డు గుబ్బలు, క్లిప్పులు చక్కగా వస్తాయి. అయితే సాధారణంగా వాడే పి.ఎల్.ఎ. ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులభంగా దాటుతుంది. ఎ.ఎస్.ఎ. లేదా ఎ.బి.ఎస్. వాడమని అడగాలి.

కాగితం ప్యాకింగులు, బెండు ప్యాకింగులు ఇంట్లోనే కోసుకోవచ్చు. లోహపు అంచుకు పలుచగా నూనె రాసి షీటు మీద అద్దితే ఆకారం పడుతుంది, బోల్టు రంధ్రాలను ముందు గుద్ది ఆ తరువాత అంచులు కోయాలి. పాత ప్యాకింగులలోనూ బ్రేక్ లైనర్లలోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, వాటిని పొడిగా గీకకుండా, గాలి కొట్టకుండా తడిపి తీయాలి.

సర్దుబాటు కూడని చోట్లు

బ్రేక్ వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, స్టీరింగ్ జాయింట్లు, బ్రేక్ గొట్టాలు, వీటికి కొలత దగ్గరగా ఉందన్న ఆధారంతో ప్రత్యామ్నాయం వాడకూడదు. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, 7/8 అంగుళం అంటే 22.2. అచ్చంగా ఆ బోరు కోసం చేసిన రబ్బరు కప్పులే వేయాలి. బోరు తుప్పుతో గుంటలు పడితే, పెద్ద కప్పు వేసి నెట్టుకురావడానికి ప్రయత్నించకుండా, సిలిండర్‌కు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవు వేయించి అసలు బోరుకు తీసుకురావాలి, లేకపోతే మొత్తం సిలిండర్ మార్చాలి. ఇక్కడ డబ్బు ఆదా చేసే సలహా ఎవరిచ్చినా వినవద్దు.

కొనడం, బిగించడం, దాచడం

మన ఊళ్లలో దొరకనివాటికి చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ ప్రాంతాల్లో వెతకవచ్చు. ఫోన్‌లో అడిగేటప్పుడు స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోను, కొలతలను ముందే పంపితే తప్పుడు భాగం వచ్చే అవకాశం తగ్గుతుంది. బ్రిటన్ నుంచి తెప్పించుకునేటప్పుడు రవాణా ఖర్చూ కస్టమ్స్ సుంకమూ చిన్న గ్యాస్కెట్ ధరను మించిపోతాయి కాబట్టి, సంవత్సరానికి కావలసినవన్నీ ఒకే జాబితాగా చేసి, వీలైతే మరొక అంబాసిడర్ యజమానితో కలిసి తెప్పించుకోవడం మంచిది. ఎం.జి.బి. థర్మోస్టాట్ వంటివి ఎంచుకునేటప్పుడు కూడా వ్యాసాన్ని, తెరుచుకునే ఉష్ణోగ్రతను మీ దానితో పోల్చుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి.

బిగించిన ప్రత్యామ్నాయాన్ని మొదట చల్లని ఇంజన్‌తో, తరువాత పూర్తిగా వేడెక్కిన ఇంజన్‌తో పరీక్షించి, కొద్ది దూరం నడిపిన తరువాత మళ్లీ విప్పి చూడాలి. ఉబ్బడం, రుద్దుకోవడం, చెమ్మ పట్టడం ఈ దశలోనే బయటపడతాయి. కుదిరిన భాగం తయారీదారు, నంబరు, కొలతలు, రబ్బరు రకం, బిగించిన తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు ఒక నోటు పుస్తకంలో రాసి కారులోనే ఉంచాలి. కారు చేతులు మారినా, మెకానిక్ మారినా ఆ పుస్తకం ఉపయోగపడుతుంది.

కుదిరిందని తేలిన చిన్న భాగాన్ని రెండవది కూడా వెంటనే కొని ఉంచుకోవడం మంచిది. లోహపు వాటికి పలుచగా గ్రీజు రాసి కాగితంలో చుట్టాలి. రబ్బరు వాటిని సాగదీయకుండా, మేకుకు వేలాడదీయకుండా, వెలుతురు సోకని కవరులో పెట్టి, బ్యాటరీ చార్జరుకూ విద్యుత్ మోటార్లకూ దూరంగా ఉంచాలి, ఎందుకంటే అవి వెలువరించే ఓజోన్ వాయువు రబ్బరును పగులగొడుతుంది. కవరు మీద భాగం పేరుతో పాటు కొన్న సంవత్సరం కూడా రాయాలి.